గ్రహణం పూట కోసిన తాడు

పోయిన వారం సుందరిని తాడేపల్లిగూడెం స్టేషన్లో, ఏలూరు పాసింజరు కోసం నిలబెట్టి వదిలేశాం కదా. పాపం, మనిషి నిలబడిందే గానీ ప్రాణం నిలబడలేదు. నిత్యానందంగారు అన్న మాట చెవిలో జోరీగలా తిరుగుతూనే ఉంది.

ఆయన సుందరికి గురువు. కాలేజీలో మనస్తత్వశాస్త్రం చెప్పి రిటైరయ్యారు. ఏలూరులో తన కౌన్సెలింగు గదికి వచ్చేవాళ్ళ మనసుల చిక్కులు, పేర్లు చెప్పకుండా, ప్రతి శనివారం ఆయన ముందు పెట్టి సలహా అడగడం సుందరికి తొమ్మిదేళ్ళ అలవాటు. ఆ రోజు భవాని సంగతి చెప్పింది. పదకొండు వారాలుగా వస్తోంది, అయిదో నెల, నిద్ర లేదు, బీపీ దిగట్లేదు, స్కానింగు రాసిస్తే రెండుసార్లు ఎగ్గొట్టింది, ఎందుకో చెప్పదు. అంతా విని ఆయన, "ఆ అమ్మాయి నీ ఎడమ చెయ్యి గురించి ఎప్పుడైనా ఏవైనా అందా అమ్మా?" అని అడిగారు.

"లేదండీ."

"పదకొండు వారాల్లో ఒక్కసారీ?"

"లేదండీ."

"చూడకుండా ఉండటం తేలికనుకున్నావా? చాలా కష్టపడాలి. ఆ అమ్మాయి ఒక్కతే పడితే చాలదు, నువ్వూ ఓ చెయ్యి వెయ్యాలి." అని ఆగి, తల దించుకుని, "నేనూ వేశాను. తొమ్మిదేళ్ళు. నాకూ భయమేనమ్మా," అన్నారు.

సుందరి పూర్తి పేరు బాలాత్రిపురసుందరి. నలభై ఒక్కేళ్ళు. పుట్టుకతోనే ఎడమ చెయ్యి మోచేతి కింద బెత్తెడుతో ఆగిపోయింది. దానికి రబ్బరు చెయ్యి తొడుక్కుంటుంది. వేళ్ళూ గోళ్ళూ అన్నీ ఉంటాయి, రంగు మాత్రం ఒంటి రంగు కన్నా కాస్త తెలుపు. అత్తిలిలో వాళ్ళమ్మ అచ్చాయమ్మ ఈ రోజు వరకూ కూతురితో ఆ చెయ్యి గురించి ఒక్క మాట మాట్లాడింది కాదు. బయటివాళ్ళు అడిగితే "మా సుందరికి ఎడమ చేతిలో కాస్త బలం తక్కువండీ" అనేది. గాజులమ్మాయి వస్తే డజను గాజులూ కొనేది. ఆరు కుడి చేతికి తొడిగించేది, మిగతా ఆరూ బిస్కెట్ల డబ్బాలో వేసేది. ఏటా అంతే. ఆ డబ్బా నిండి ఇంకో డబ్బా వచ్చింది గానీ, "అరడజను చాలు కదమ్మా" అన్న పాపాన ఎవరూ పోలేదు. మన గోదావరి వైపు మర్యాద మరి! ఎదుటివాళ్ళు నొచ్చుకుంటారంటే కళ్ళెదుట ఉన్నది కూడా లేదనేస్తాం.

భవాని మరీను. ఆరో వారమో ఏడో వారమో, సుందరి కాగితం అందుకోబోతుంటే రబ్బరు చెయ్యి బల్ల అంచుకి తగిలి టక్కుమంది. భవాని చటుక్కున గోడకేసి చూసి "బల్లి పలికిందండీ" అంది. సుందరి ఏం చేసిందనుకున్నారు? తనూ తలెత్తి గోడకేసి చూసింది! లేని బల్లి కోసం ఇద్దరూ కలిసి వెతికారు. నిత్యానందంగారు అన్నది దీని గురించే.

బుధవారం మధ్యాహ్నం రెండున్నర. పవర్‌పేటలో మేడ మీద గది. భవాని వచ్చే వేళకి సుందరి రబ్బరు చెయ్యి తీసి బల్ల సొరుగులో పెట్టింది. పెట్టి, కుర్చీలో కూర్చుని, అక్కడికి చేసిన ఘనకార్యం చాలన్నట్టు కొంగు లాగి ఎడమ వైపంతా కప్పేసుకుంది. ఈ మాత్రం దానికి తీయడం దేనికమ్మా అని అడిగితే ఏం చెబుతుంది? భయం. ఫ్యాను కింద కూర్చున్నా మెడ వెనక చెమటలు పోస్తున్నాయి.

భవాని ఎలా చూస్తుందో అని భయం. కడుపుతో ఉన్న ఆడవాళ్ళు ఆ చేతిని ఎలా చూస్తారో సుందరికి ఎవరూ చెప్పక్కర్లేదు. పదేళ్ళప్పుడు ఓ సీమంతానికి అమ్మతో వెళ్తే, పేరంటాళ్ళలో ఒకావిడ "అచ్చాయమ్మగారూ, ఏమీ అనుకోకండి, అమ్మాయిని పీటల వైపు రానివ్వకండి" అంది, ఎంతో మెత్తగా. అచ్చాయమ్మ మారు మాట్లాడకుండా పిల్లని తీసుకుని ఇంటికొచ్చేసింది. ఆ ఏడే రబ్బరు చెయ్యి వచ్చింది.

భవాని పూర్తి పేరు దుర్గాభవాని. ఇరవయ్యారేళ్ళు ఉంటాయి. కైకలూరు అవతల రొయ్యల చెరువుల వాళ్ళింటి కోడలు. భర్త వెంకట్రాజు మంచివాడే. ఇంతకు ముందు రెండుసార్లు మూడో నెల నిండకుండానే కడుపు పోయింది. ఇది మూడోది. ఆసుపత్రిలో లేడీ డాక్టరు ఈ పిల్ల బీపీ చూసి, నిద్ర లేని కళ్ళు చూసి, ముందు సుందరిగారి దగ్గరికి వెళ్ళు అని పంపించింది.

వచ్చి కూర్చుని, ఒళ్ళో సంచీ పెట్టుకుని, "ఇవాళ నాలుగింటికి స్కానింగు రాశారండీ," అంది. "ఈసారి కూడా మానేస్తే ఇంక నా దగ్గరికి రావద్దన్నారు డాక్టరుగారు. పొద్దున్న బీపీ నూట యాభై దాటింది. ఆవిడ భయపడుతున్నారు." ఒళ్ళోని సంచీ సర్దుకుని, "నేను వెళ్ళలేనండీ. ఈ టైములో ఆటోలు దొరకవు," అంది.

పవర్‌పేటలో మధ్యాహ్నం పూట ఆటోలు దొరకవట! కింద వరసగా అయిదు ఆటోలున్నాయి.

"స్కానింగులో ఏం కనిపిస్తుందని మీ భయం భవాని గారూ?"

"భయం ఏవీ లేదండీ. అంతా బాగానే ఉంటుంది. మా అత్తగారు రామలక్ష్మిగారు కూడా బాగానే ఉంటుందన్నారు."

సుందరికి ఇప్పుడు కాకపోతే ఇంకెప్పుడూ కాదని తెలుసు.

"ఈ గదిలో పదకొండు వారాలుగా మీరు చూడనిది ఒకటుంది."

భవాని చుట్టూ చూసింది. "క్యాలెండరాండీ? మార్చారు."

"కాదు."

"ఆ మొక్క కొత్తదాండీ?"

"కాదమ్మా. నా వైపు చూడండి."

అని సుందరి కొంగు తీసేసింది. జాకెట్టు చెయ్యి కింద, మోచెయ్యి దాటాక, గుండ్రంగా ఆగిపోయిన చెయ్యి బయటికొచ్చింది. దాని చివర పప్పుగింజంత బుడిపెలు నాలుగున్నాయి, వేళ్ళు అవ్వబోయి మానేసినవి. భవాని కళ్ళు సరిగ్గా అక్కడే వాలాయి. వాలి, కదలకుండా నిలిచాయి.

"చీర బావుందండీ. మంగళగిరిదా?" అంది.

మనసుకి భయం పుడితే కంటి ముందున్నదాన్ని కూడా తుడిచేస్తుందని సుందరి పుస్తకాల్లో బోలెడు చదివింది. కానీ ఓ మనిషి తన చేతిని సూటిగా చూస్తూ, చేతిని చూడకపోవడం ఇదే మొదటిసారి. ఒక్క క్షణం తనకే అనుమానం వచ్చింది, తను అక్కడ ఉన్నానా లేనా అని.

"నాకు ఎడమ చెయ్యి లేదు భవాని గారూ," అంది.

నలభై ఒక్కేళ్ళలో ఆ మాట నోటితో అనడం అదే మొదలు. అమ్మతో అనలేదు, గురువుగారితో అనలేదు, అద్దంతో కూడా అనలేదు. అంత కష్టమైన మాటా అది? చిన్నపిల్ల కూడా అనగలదు.

అప్పుడు చూసింది భవాని.

కెవ్వుమనలేదు. అలా అరిచినా బాగుండేది. లేచి నిలబడింది. ఒళ్ళోని సంచీ కింద పడింది. రెండు చేతులూ పొట్టకి అడ్డం పెట్టుకుని, గబుక్కున గోడ వైపు తిరిగిపోయి, నుదురు గోడకి ఆన్చేసింది.

"కప్పేయండి మేడమ్! కప్పేయండి! లోపల బిడ్డ చూస్తుంది!"

సుందరి ఇన్నేళ్ళుగా ఏ మాట వినాల్సి వస్తుందోనని వణికిందో ఆ మాట వినేసింది. కుడి చెయ్యి తనకి తెలియకుండానే సొరుగు పిడి మీదికి వెళ్ళింది. లాగితే చాలు, రబ్బరు చెయ్యి తొడుక్కోవచ్చు, కొంగు కప్పుకోవచ్చు, ఇద్దరూ మళ్ళీ బల్లిని వెతుక్కోవచ్చు. పిడి పట్టుకుంది కూడా. తర్వాత ఎలా వదిలిందో ఆవిడకే తెలీదు.

"నేను కప్పుకోను భవాని గారూ. నాకూ భయంగానే ఉంది. అయినా కప్పుకోను," అంది. గొంతు వణికింది, వణకనిచ్చింది. "మీకేదో తెలుసు. చెప్పండి."

గోడకి చెప్పినట్టు మొదలుపెట్టింది భవాని.

"భాద్రపదం పున్నానికి గ్రహణం పట్టింది గదండీ. మా అత్తగారు దర్భలేసుకుని తలుపులు బిడాయించుకున్నారు. మా ఆయన ఐసు బండి వెంట భీమవరం వెళ్ళారు. కాపలా ఆయన గట్టు మీంచి కేకేశాడండీ, చెరువుకి గాలి కొట్టే ఏరియేటర్ ఆగిపోయింది, రొయ్య పైకి తేలుతోందీ అని. కొంగలు వాలకుండా చెరువు మీద తాళ్ళు కడతాం గదా, ఒక తాడు తెగి ఫ్యానుకి చుట్టుకుపోయింది. గాలి ఆడకపోతే అరగంటలో చెరువు చెరువంతా తెల్లగా తేలిపోతుందండీ. కాపలా ఆయన ఏరియేటర్ని గట్టుకి లాగి రెండు చేతులా పట్టుకున్నాడు. వదిలితే వెనక్కి పోతుంది. కొయ్యడానికి నేనే ఉన్నాను."

"కోశారు."

"చేపల కత్తి పెట్టి కోశానండీ. నాలుగు చుట్లు. నాలుగో చుట్టు తెగినప్పుడు ఇక్కడ చురుక్కుమంది." పొట్ట మీద ఎడమ పక్కన వేలు పెట్టుకుంది. "అప్పటికి రెండ్రోజుల కిందటే తెలిసింది నాకు. ఎవరికీ చెప్పలేదు. రెండు పోయాయి గదా, మూడో నెల దాటాక చెబుదామనుకున్నా. చెప్పుంటే మా అత్తగారు గడప దాటనిచ్చేవారు కాదు. పొద్దున్న మా ఆయన వచ్చి, నా పెళ్ళాం చెరువుని బతికించిందని ఊరంతా చెప్పుకున్నారండీ. చెరువు బతికింది..."

గోడకి ఆనుకుని అలాగే జారి కింద కూర్చుంది.

గ్రహణం పూట కడుపుతో ఉన్న మనిషి ఏది కోస్తే బిడ్డకి అది తెగుతుందని మన వైపు ఎవర్నడిగినా చెబుతారు. ఆ పిల్ల మూడు నెలలుగా ఆ కత్తిని కడుపులోనే మోసుకు తిరుగుతోంది. స్కానింగు అంటే పారిపోవడం ఎందుకో, బల్లి ఎక్కడ పలికిందో సుందరికి ఇప్పటికి అర్థమైంది.

భవాని నెమ్మదిగా తలెత్తింది. మొదటిసారి ఆ చేతికేసి నిండా చూసింది.

"మీ అమ్మగారు ఏం కోశారండీ?"

సుందరి చదువుకున్న మనిషి కదా, చదువే ముందు నోటికొచ్చింది. "గ్రహణానికీ చేతికీ ఏ సంబంధమూ లేదు భవాని గారూ. మొదటి వారాల్లో రక్తం సరిగ్గా అందక ఒక్కోసారి చెయ్యి పెరగదు. ఎవరు కత్తి పట్టినా పట్టకపోయినా జరిగేది జరుగుతుంది. ఇందులో అమ్మ చేసిన తప్పేమీ ఉండదు. ఇది నిజం. నా చెయ్యి మీద ఒట్టేసి చెబుతాను."

"అది సరేనండీ. అమ్మగార్ని అడిగారా?"

"లేదు."

"ఇన్నేళ్ళలో ఒక్కసారీ?"

"లేదమ్మా."

"ఎందుకండీ?"

ఇదేం విడ్డూరం! ప్రశ్నలు వెయ్యాల్సిన మనిషి ఎవరు, వేస్తున్నది ఎవరు? ఇలాంటప్పుడు ప్రశ్నని ప్రశ్నతో తిప్పికొట్టడం సుందరి చదివిన చదువులో మొదటి పాఠం. ఆ పాఠం ఇవాళ పనికి రాలేదు.

"భయమేసి," అంది. "అడిగితే ఆవిడ నిజంగానే ఏదో కోశానని చెబుతుందేమోనని. తప్పు తనదేనని ఆవిడ అనుకుంటోందని నాకు చిన్నప్పుడే తెలుసు. డజను గాజులు కొన్న ప్రతిసారీ తెలుసు."

"అయితే ఆవిడ కూడా నాలాగే మోసుకు తిరిగారన్నమాట. నలభై ఏళ్ళు." భవాని కళ్ళు పెద్దవయ్యాయి. "ఆవిడకెవరూ చెప్పలేదాండీ? ఇప్పుడు నాకు చెప్పారే, నీ తప్పేమీ లేదమ్మా అని?"

"నేను చెప్పలేదు," అంది సుందరి, కళ్ళమ్మట నీళ్ళు కారిపోతుంటే తుడుచుకోకుండా. "ఊళ్ళో అందరికీ చెబుతాను. మా అమ్మకి మాత్రం చెప్పలేదు."

తర్వాత భవాని లేచొచ్చి కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చుంది. ఇక అడగడం మొదలుపెట్టిందండీ, అడ్డూ ఆపూ లేకుండా. జడ ఎలా వేసుకుంటారు? చీర కుచ్చిళ్ళు ఎవరు పెడతారు? బడిలో ఏడిపించారా? అన్నం కలుపుకునేటప్పుడు కంచం జరిగిపోదా? సుందరి ఒక్కోదానికీ జవాబు చెప్పింది. పిన్నీసు పళ్ళతో పట్టుకుని, బెత్తెడు చేత్తో కొంగు అదిమి, కుడి చేత్తో గుచ్చుకోవడం చేసి చూపించింది. భవాని నోరు తెరుచుకుని చూసి, "అబ్బో! రెండు చేతులున్నా నాకింత కుదురుగా రాదు," అంది. పదకొండు వారాల్లో ఆ పిల్ల మొహాన నవ్వులాంటిది కనిపించడం అదే మొదలు.

గడియారం మూడూ నలభై చూపించింది.

"వెళ్తానండీ," అంది భవాని. మొహం మళ్ళీ పాలిపోయింది. "కానీ ఒక్కదాన్నీ వెళ్ళలేను. మీరు రావాలి. ఆ రబ్బరుది పెట్టుకోకుండా రావాలి. నేను ఆ తెర చూడలేనండీ. మీ మొహం చూస్తాను. మీ మొహంలో ఏం ఉంటే అదే."

గది గడప దాటి పేషెంటు వెంట వెళ్ళకూడదు. అది నియమం. నిత్యానందంగారు వింటే ఏమంటారో! సుందరి సొరుగుకేసి చూసింది, తలుపుకేసి చూసింది. ఈ చేత్తో రోడ్డెక్కి ముప్ఫై ఏళ్ళు దాటింది. అయినా లేచింది.

బయట బల్ల దగ్గర మరియంబీ రాసుకుంటోంది. ఆరేళ్ళుగా సుందరి దగ్గర అపాయింట్‌మెంట్లు చూసే మనిషి. తలెత్తి, గతుక్కుమని, చూపు సీలింగు ఫ్యాను మీదికి పంపేసింది. మెట్లు దిగుతుంటే మాత్రం వెనకనుంచి మెల్లగా, "మేడమ్, మీరు... చెయ్యి మర్చిపోయారండీ," అంది.

"మర్చిపోలేదు మరియంబీ," అంది సుందరి.

రోడ్డు మీద ఎంతమంది చూశారో! పళ్ళ బండి ముసలాయన చూశాడు, ఆటోవాడు అద్దంలోంచి రెండుసార్లు చూశాడు. స్కానింగు సెంటర్లో బెంచీ మీద నిండు నెలల మనిషి ఒకావిడ చూసి, పొట్ట మీదికి చున్నీ లాక్కుంది. సుందరికి సరిగ్గా పదేళ్ళప్పటి సీమంతం కళ్ళ ముందు నిలిచింది. పారిపోదామనిపించింది. కానీ భవాని ఆ బెత్తెడు చేతిని తన రెండు చేతులతో చుట్టి పట్టుకుని కూర్చుంది. ఆ చేతిని అమ్మ కాకుండా ఇంకో మనిషి పట్టుకోవడం సుందరి ఎరగదు. పిలిచేదాకా వదల్లేదు భవాని.

లోపల చీకటి గది, చల్లగా ఉంది. స్కానింగు చేసే డాక్టరు నడివయసు మనిషి, మంచి మాటకారి. తోడుగా ఒకరే ఉండాలంది. సుందరిని బల్ల పక్కన నిలబడమంది. భవాని పొట్ట మీద జెల్ రాసి, మెషిన్ ఆనించి, మాట్లాడుతూనే చూస్తోంది.

"తల బావుందమ్మా. వెన్నెముక బావుంది. ఇదిగో గుండె, ఎంత చక్కగా కొట్టుకుంటోందో. కాళ్ళు రెండూ ఉన్నాయి, ఒకటి తన్నుతోంది కూడా. ఇదిగో చెయ్యి. కుడి చెయ్యి. వేళ్ళు లెక్కపెడదామా? ఒకటి, రెండు..."

అయిదూ లెక్కపెట్టింది. భవాని తెర వైపు తిరగలేదు. చెప్పినట్టే సుందరి మొహం మీంచి చూపు తిప్పలేదు. రెప్ప కూడా వాల్చట్లేదు. సుందరి తన మొహాన్ని ఉన్నది ఉన్నట్టు నిలబెట్టుకుంది. ఇన్నేళ్ళ వృత్తిలో నేర్చుకున్న విద్య అంతా ఇప్పుడా మొహంలోనే ఉంది.

ఎడమ చెయ్యి వంతు వచ్చేసరికి డాక్టరు మాటలు తగ్గాయి. మెషిన్ పైకి జరిపింది, కిందికి జరిపింది. "కాస్త ఎడమ పక్కకి తిరుగమ్మా," అంది. తిరిగింది. "ఇప్పుడు ఇటు." తిరిగింది. "ఒక్కసారి దగ్గు." దగ్గింది. డాక్టరు తెర మీద బొమ్మని ఆపి, పెద్దది చేసి, మళ్ళీ కదిలించింది. అయిదు నిమిషాలు గడిచాయి.

అప్పుడు ఆ డాక్టరు తెర మీంచి తల తిప్పి, సుందరి ఎడమ చేతిని చూసింది. చూసీ చూడనట్టు కాదు, ఫ్యాను కేసి చూపు తప్పించినట్టూ కాదు. మోచేతి నుంచి చివరి బుడిపెల దాకా, కొలుస్తున్నట్టు, నిదానంగా చూసింది. చూసి, మళ్ళీ తెరని చూసింది. మళ్ళీ చేతిని చూసింది.

"మీరు ఈ అమ్మాయికి ఏమవుతారండీ?" అని అడిగింది చాలా మెల్లగా.

సుందరి తలెత్తి తెరకేసి చూసింది. భవాని చెయ్యి చాచి ఆ బెత్తెడు చేతిని ఇనప పట్టులా పట్టుకుంది.

"మేడమ్," అంది భవాని, కళ్ళు తిప్పకుండానే. "మీ మొహం ఎందుకలా అయిపోయిందండీ?"